కునుకు ఖరీదెంత?

చీకటి గుహ. నలుగురు వీరులు లోపలికి అడుగుపెట్టి ఇంకా గంట కాలేదు. మొదటి గదిలోనే అరడజను తోడేళ్లు మీదపడ్డాయి. మాంత్రికుడు తన దగ్గరున్న నిప్పుల మంత్రాలన్నీ వాటి మీదే ఖర్చు పెట్టేశాడు. తోడేళ్లు పోయాయి. రెండో గది తలుపు ముందు నిలబడి ఆ మాంత్రికుడు తాపీగా అన్నాడు: 'నా మంత్రాలైపోయాయి. ఇక్కడే పడుకుందాం. మిగతాది రేపు చూసుకోవచ్చు.'

అప్పటికి టైము ఉదయం పదిన్నర!

నవ్వొచ్చే మాటే. కానీ యాభై ఏళ్లుగా ఒక ఆటను వెంటాడుతున్న చిక్కు ఇది. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తెచ్చారు. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్ చూసిన పిల్లలకు ఇది కొత్త కాదు. అందులో కుర్రాళ్లు బల్ల చుట్టూ కూర్చుని ఆడేది ఇదే. పెద్దవాళ్ల కోసం ఒక్కమాటలో చెప్పాలంటే, ఇది నలుగురూ కలిసి చెప్పుకునే కథ. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు... కత్తివీరుడు, మాంత్రికుడు, వైద్యుడు, దొంగ. 'నేను గోడ దూకుతా' అని ఒకరంటే, దూకగలిగాడా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. వైకుంఠపాళిలోలా ముందు చేరినవాడు గెలిచినట్టు కాదు. అసలు ఇందులో గెలవడమంటూ లేదు. కథ బాగా సాగితే అందరూ గెలిచినట్టే.

అయితే కథ రుచిగా ఉండాలంటే వీరుడి దగ్గర ఏదో ఒకటి తరుగుతూ ఉండాలి. దెబ్బ తగిలితే ప్రాణబలం తగ్గుతుంది. దానికో అంకె ఉంటుంది. మంత్రం వేస్తే ఆ పూటకున్న మంత్రాల లెక్క తగ్గుతుంది. తరిగింది మళ్లీ నిండాలంటే వీరులు నిద్రపోవాలి. అక్కడే వచ్చింది తంటా. ఎంతసేపు పడుకుంటే ఎంత నిండాలి?

మొదట్లో ఈ ఆట ఈ విషయంలో మహా పిసినారి. 1979 నాటి రూల్సు పుస్తకం ప్రకారం రోజంతా మంచం మీద ఉంటే నిండేది ఒక్క పాయింటు. నాలుగు వారాలు కదలకుండా ఉంటేనే పూర్తిగా కోలుకున్నట్టు. టైఫాయిడ్ వచ్చి లేచినవాళ్లు ఒప్పుకునే లెక్కే అది. కానీ కథలో రాజకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోతుంటే వీరుడు నాలుగు వారాలు పథ్యం తింటూ కూర్చుంటే ఎలా? అందుకని కూర్పు మారినకొద్దీ చేయి పెద్దదవుతూ వచ్చింది. 2008 నాటికి ఆరు గంటలు పడుకుంటే చాలు, ఒళ్లంతా కొత్తదే. 2014లో వచ్చిన అయిదో కూర్పు విశ్రాంతిని రెండు రకాలు చేసింది. గంటసేపు కూర్చుని కట్టు కట్టుకోవడం ఒకటి, ఎనిమిది గంటల రాత్రి నిద్ర ఇంకోటి. గంట కునుకుతో కొంత వస్తుంది. రాత్రి నిద్రతో ప్రాణబలం అంతా వచ్చేస్తుంది, మంత్రాలన్నీ తిరిగొస్తాయి. ఇరవై నాలుగు గంటల్లో రాత్రి నిద్ర ఒక్కసారే లెక్కకు వస్తుందని ఓ షరతు పెట్టారు. 2024లో సవరించిన పుస్తకం ఇంకొంచెం ఉదారంగా ఉంది.

పుస్తకం రాసినవాళ్ల ఊహలో ఒక రోజంటే ఆరు నుంచి ఎనిమిది గొడవలు, మధ్యలో రెండు చిన్న కునుకులు. బల్ల దగ్గర కూర్చునేవాళ్లు అలా ఆడితే కదా! ఒక గొడవ, ఒక నిద్ర. మళ్లీ ఒక గొడవ, మళ్లీ ఒక నిద్ర. రోజుకు ఒక్క నిద్రే అన్న షరతు ఉన్నా, 'సరే, రేపటిదాకా ఇక్కడే కూర్చుంటాం' అంటే ఆపేదెవరు? ప్రతి గదిలోకీ నిండుకుండలా వెళ్లేవాడికి భయమెందుకు? భయం లేనిచోట కథెందుకు?

ఇందులో మాంత్రికుణ్ని తిట్టి లాభం లేదు. ఊరికే దొరికేదాన్ని వద్దనుకోవడానికి అతనేం సన్యాసి కాదు. లోపం కునుకుకు ఖరీదు కట్టకపోవడంలో ఉంది.

ఈ ఖరీదు సంగతి గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో ఎప్పుడో తేల్చేశారు. అష్టాచెమ్మానే చూడండి. అయిదు అయిదుల పాతిక గడులు. ప్రతి పక్కా నడిమి గడిలో ఇంటూ గుర్తు. ఆ గడిలో కూర్చున్న కాయను ఎవరూ చంపడానికి లేదు. వీరుడికి సత్రం దొరికినట్టే. మరి అక్కడే ఉండిపోవచ్చుగా? కుదరదు. గవ్వలు వేశాక పడిన పందేన్ని ఏదో ఒక కాయతో ఆడాల్సిందే. మిగిలిన మూడు కాయలూ చచ్చి ఇంట్లో కూర్చున్నా, పండి అవతలికి వెళ్లిపోయినా, సత్రంలో ఉన్నవాడే సంచి భుజాన వేసుకుని బయల్దేరాలి. పైగా ఇక్కడ కూర్చున్నంతసేపూ అవతలివాళ్ల కాయలు పండుతూనే ఉంటాయి. 'నువ్వు పడుకో నాయనా, లోకం మాత్రం ఆగదు' అన్నమాట. అమెరికాలో ఇన్ని కూర్పులు మార్చి వెతుకుతున్న ఉపాయం పాతిక గడుల్లో సుద్దముక్కతో గీసి ఉంది.

వామనగుంటలది ఇంకా కఠినమైన లెక్క. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. గుంటకు అయిదేసి చింతపిక్కలు పోస్తే మనిషికి ముప్పై అయిదు. తన గుంటల్లో ఒకదాన్ని ఖాళీ చేసి, వరసగా ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేసుకుంటూ పోవడం. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసుకుని మళ్లీ వేయడం. ఖాళీ గుంట ఎదురైతే దాని అవతల ఉన్నవి సొంతం. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు సంగతి రెండో ఆటలో ఉంటుంది.

మొదటి ఆటలో ఒకరికి ఇరవై రెండు పిక్కలే దక్కాయనుకోండి. అవతలివాళ్ల దగ్గర నలభై ఎనిమిది. ఇప్పుడు ఎవరి గుంటలు వాళ్లే నింపుకోవాలి. గెలిచినవాళ్లు ఏడూ నింపేసి ఇంకా పదమూడు ఒళ్లో పెట్టుకుంటారు. ఓడినవాళ్లకు నాలుగు గుంటలు నిండుతాయి, చేతిలో రెండు మిగులుతాయి. నిండని మూడు గుంటలూ ఆ ఆటకు మూతపడ్డట్టే. చాలా ఇళ్లలో పద్ధతి ఇదే. గుంటలు తగ్గితే ఎత్తులూ తగ్గుతాయి. ఏడింటిలోంచి ఎంచుకునేవాళ్లతో నాలుగింటిలోంచి ఎంచుకునేవాళ్లు తలపడాలి. ఇక్కడ సత్రం లేదు, మందు లేదు, ఎనిమిది గంటల నిద్ర అసలే లేదు. పోయినదాన్ని ఆడే తెచ్చుకోవాలి.

ఎంత తెచ్చుకోవాలి? పెట్టిన ఇరవైకి ఇంకో మూడు కలిపి తెచ్చుకుంటే చాలు. చేతిలోని రెండుతో కలిపి పాతిక అవుతాయి, అయిదో గుంట తెరుచుకుంటుంది. కొండంత నష్టం మూడు పిక్కల లెక్కకు దిగొచ్చింది! ఓడుతున్న పిల్ల మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళ దాకా లేవకపోవడానికి కారణం ఆ మూడు పిక్కలే. ఒకేసారి అంతా తిరిగొచ్చేస్తే పట్టుదల ఎందుకొస్తుంది? ఎప్పటికీ రాదని తెలిసినా రాదు. ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ నాలుగు పిక్కలు చూసీచూడనట్టు వదిలేస్తే అది వేరే సంగతి. ఆటను నడిపేవాళ్లకు ఆ మాత్రం కన్నుమూత తెలియాలి కూడా.

మళ్లీ గుహలోకి వద్దాం. ఆ నలుగురిలో ఎవరి అలసట లెక్కలోకి వస్తోంది అన్నది అసలు ప్రశ్న. 2014 కూర్పు ప్రకారం కత్తివీరుడికి గంట కునుకు దొరికితే చాలు, అతని ప్రత్యేక బలాలు తిరిగొచ్చేస్తాయి. మాంత్రికుడి మంత్రాలు మాత్రం చాలావరకు రాత్రి నిద్రతోనే వస్తాయి. కాబట్టి బల్ల దగ్గర ఎప్పుడూ పడుకుందామనేది మాంత్రికుడే, ఇంకో గది చూద్దామనేది కత్తివీరుడే. వేసవి సెలవులకు అమలాపురంలో తాతగారింట్లో చేరిన నలుగురు పిల్లలు ఈ ఆట ఆడుతున్నారనుకుందాం. మాంత్రికుడు ఇంటర్ చదివే పెదనాన్న కొడుకు. కత్తివీరుడు అయిదో తరగతి చదివే మేనత్త కొడుకు. ఎవరి మాట చెల్లుతుందో చెప్పాలా? పెద్దవాడు పడుకుందామంటే అందరూ పడుకుంటారు. ప్రతి గొడవకూ పెద్దవాడు అన్ని మంత్రాలతో లేచి ఒక్క దెబ్బకు తేల్చేస్తాడు. చిన్నవాడు కత్తి పట్టుకుని చూస్తూ ఉంటాడు. నాలుగో రోజుకు 'నేను రాను, క్రికెట్ ఆడుకుంటా' అంటాడు. వాడికి ఆట నచ్చక కాదు. ఆటలో వాడికి పని లేక.

కథ నడిపేవాళ్లు ఇక్కడ సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. పడుకున్నప్పుడల్లా తోడేళ్లను పంపించడం! మాంత్రికుడికి బుద్ధి చెప్పాలని నలుగురి నిద్రా చెడగొడతారు. నిజానికి పుస్తకం కూడా నిద్ర మధ్యలో గొడవలొస్తాయని ఒప్పుకుంటుంది. కానీ ప్రతిరాత్రీ వస్తే పిల్లలు తెలివిమీరతారు. తలుపుకు మేకులు కొడతారు, చెట్టెక్కి పడుకుంటారు, కాపలా లెక్కలతోనే పూటంతా గడిపేస్తారు. ఇక కథ ముందుకు కదలదు. ఇచ్చిన నిద్రను నిద్రలాగే ఇవ్వాలి. ఖరీదు మాత్రం ముందే చెప్పి తీసుకోవాలి.

ఆ ఖరీదు ఎలా ఉండాలో డెల్టావాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. ఏటా వేసవిలో వాళ్ల కాలువలు పడుకుంటాయి. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి నీళ్లు కాలువల్లో పారడం మొదలైంది. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఆయన పేరుతోనే బ్యారేజి ఉంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలన్నా, గుర్రపుడెక్క లాగాలన్నా, లాకుల తలుపులు బాగుచేయాలన్నా అదే అదను. మళ్లీ సార్వాకు నీళ్లు వదిలేదాకా కాలువకు సెలవే. అయితే ఆ సెలవు ఊరికే రాదు. కట్టేసే ముందే ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి. అవి జూన్ దాకా సరిపోవాలి. నింపుకోని ఊరు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం చూడాలి. దాళ్వా ఆలస్యమై ఇంకో పది రోజులు నీళ్లివ్వమని రైతులు అడిగితే ఆ పది రోజులూ మరమ్మతులోంచే తెగుతాయి. అప్పుడు తీయని పూడిక వానాకాలంలో పొలాల మీదికొస్తుంది. పడుకుంటే ఒక ఖర్చు, పడుకోకపోతే ఇంకో ఖర్చు. ఆటలో నిద్ర కూడా సరిగ్గా ఇలాగే ఉండాలి. మధ్యలో పిల్లలు తలలు గోక్కోవాలి.

అన్నట్టు, కంప్యూటర్ ఆటలవాళ్లు ఈమధ్య ఈ దారికే వచ్చారు. ఇదే ఆట ఆధారంగా 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో రాత్రి మకాం వేయాలంటే తిండి సామాను ఉండాలి. మామూలు ఆటలో నలభై పాయింట్ల సరుకు లేకపోతే పూర్తిగా కోలుకోవడం కుదరదు. దాంతో వీరులు రాక్షసులతో పాటు ఉల్లిపాయలూ రొట్టెలూ ఏరుకుంటూ తిరుగుతారు. చూడ్డానికి నవ్వొస్తుంది కానీ, సంతకెళ్లకుండా సంసారం ఎవరికి జరుగుతుంది?

ఇంట్లో పిల్లలు ఆడుకోవడానికి ఇంత పుస్తకం అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, పాచికలు, గుప్పెడు చింతపిక్కలు చాలు. కథ గుహలోనే జరగాలని కూడా లేదు. ధవళేశ్వరం దగ్గర పడవెక్కి వశిష్ఠ వెంట సిద్ధాంతం, నరసాపురం మీదుగా అంతర్వేది చేరాలని పెట్టుకోండి. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణం నాటికి స్వామివారి పోయిన నగను తిరిగి అప్పగించాలి. దొంగలూ అదే నగ కోసం వెనకాల ఇంకో పడవలో వస్తున్నారు. బల్ల మధ్య గిన్నెలో ఏడు చింతపిక్కలు వేయండి. కల్యాణానికి ఇంకా ఏడు రాత్రులున్నాయని అర్థం. పూర్తి నిద్ర కావాలన్నప్పుడల్లా ఒక పిక్క తీసి పక్కన పెట్టాలి. దొంగల పడవ ఒక రేవు దగ్గరవుతుంది. తోడేళ్లు అక్కర్లేదు, అరుపులు అక్కర్లేదు. గిన్నె అందరికీ కనిపిస్తూ ఉంటే అదే మాట్లాడుతుంది.

చిన్న కునుకు మాత్రం చవగ్గా ఇవ్వండి. రేవులో పడవ కట్టి గంటసేపు కూర్చోవడం, సముద్రం దగ్గరపడ్డాక పోటు తగ్గేదాకా ఆగడం... అలాంటప్పుడు కత్తివీరుడు తన గాయానికి కట్టు కట్టుకుంటాడు. ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ మధ్య అలాంటివి రెండు. పిక్క తీయక్కర్లేదు. దీంతో మేనత్త కొడుక్కి కూడా మాట చెల్లుతుంది. పెద్దవాడు మంత్రాలన్నీ ఒక్కచోటే ఊదేయకుండా ఒకటి రెండు అట్టేపెట్టుకుంటాడు. ఇంకో చిన్న పద్ధతి కూడా పెడితే మంచిది. పడుకోవాలా వద్దా అన్నప్పుడు చిన్నవాళ్లతో మొదలుపెట్టి వరసగా అందరినీ అడగాలి. పెద్దవాడు ముందు చెబితే మిగతావాళ్లు తలూపడమే ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే పిల్లలూ ఉంటారు. ఏదీ ఖర్చు పెట్టరు. ఆపద వస్తుందేమోనని మందు సీసా సంచిలోనే దాచి, ఆ సంచితో సహా ఏట్లో పడిపోతారు. పట్టుచీర పెట్టెలోనే చిమ్మటలు కొట్టేసినట్టు! ఇలాంటివాళ్లకు గిన్నెలో పిక్కలు చూపిస్తే ఇంకా బిగుసుకుపోతారు. వాళ్ల కోసం కథ నడిపేవాళ్లు మధ్యలో ఒక పెద్ద రేవు పెట్టి, 'ఇక్కడ నిండినవన్నీ ఊరికే నిండుతాయి, వాడనివి మాత్రం రేపటికి పనికిరావు' అని ముందే చెప్పొచ్చు. నరసాపురం దానికి మంచి చోటు.

ఇంక రాత్రి కాపలా. 2014 పుస్తకంలో ఒక చక్కని నియమం ఉంది. ఎనిమిది గంటల నిద్రలో ఒక మనిషి రెండు గంటలకు మించకుండా కాపలా కూర్చున్నా అతని విశ్రాంతి చెడదు. నలుగురు, తలా రెండు గంటలు, సరిగ్గా ఎనిమిది. లెక్క ఎవరు కట్టారో కానీ అన్నదమ్ముల పంపకంలా కుదిరింది. ఈ కాపలాను 'పాచిక వేయండి, ఏమీ రాలేదు, తెల్లారింది' అని రెండు ముక్కల్లో దాటించేస్తే నష్టం. పగలంతా పాచికల చప్పుడులో మాట్లాడుకోని పాత్రలు మాట్లాడుకునేది అప్పుడే. మాంత్రికుడు ఎందుకు ఇల్లు వదిలాడో కత్తివీరుడికి తెలిసేది పడవ కొసన కూర్చున్న ఆ రెండో జాములోనే. అయిదో తరగతి కుర్రాడు ఇంటర్ అన్నయ్యను 'నీకు భయమేస్తుందా?' అని అడగడానికి వీలు దొరికేదీ అక్కడే. ఆటలో వేసిన ప్రశ్నే, జవాబు మాత్రం ఆలోచించి చెప్పాల్సి వస్తుంది.

ఇసుకతిన్నె మీద పొయ్యి వెలిగించాక ఎవరో ఒకరు కచ్చితంగా 'పులస పులుసు వండుకున్నాం' అంటారు. అక్కడ అమ్మమ్మ కలగజేసుకుంటుంది. ఇది మాఘమాసం, పులస ఎదురెక్కేది వరదనీళ్లకు, శ్రావణ భాద్రపదాల్లో! పిల్లలు కాసేపు వాదించి, చివరికి వంకాయకూరకు ఒప్పుకుంటారు. కథ నడిపేవాళ్లు గిన్నెలోంచి ఒక పిక్క తీస్తారు.